పాఠశాల సంగీత పోటీలో బిడ్డ పాడేటప్పుడు తల్లిదండ్రులు ఏం చేయాలి, ఎక్కడ కూర్చోవాలి

"ఇంట్లో చక్కగా పాడే పిల్ల వేదిక ఎక్కగానే ఎందుకు తడబడుతోంది? మేము చేయగలిగింది ఏమైనా ఉందా?" పోటీల కాలం వచ్చినప్పుడల్లా తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇదే. కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న ఇద్దరు పిల్లలను మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా పోటీలకు తీసుకువెళ్ళిన అనుభవంతో దీనికి సమాధానం రాస్తున్నాను. పాట నేర్పడం గురువు పని, పాడడం బిడ్డ పని. మన పని ఆ రెండింటికీ అడ్డు రాకుండా చూడడమే అయినా, దానికి కూడా సాధన కావాలి. హాలులో కూర్చున్న మన ముఖం, మన చేయి, మన పెదవులు బిడ్డ పాటను ఎంత మారుస్తాయో చాలామందికి తెలియదు. నాకూ ఆలస్యంగానే తెలిసింది.

ఇది ఒంటరిగా పాడే గాత్ర పోటీల కోసం రాసినది. లలిత సంగీతం పాడే పిల్లలకు ఎక్కడ తేడా వస్తుందో ఆయా చోట్ల చెప్పాను.

కావలసినవి

- పోటీ నియమాల పత్రం. దాన్ని ఫోనులో ఉంచుకోవడం చాలదు, కాగితం మీద దగ్గర ఉండాలి.
- శ్రుతిపెట్టె, లేదా తంబురా శ్రుతి వచ్చే ఫోనూ, దానికి తగిలించే చిన్న స్పీకరూ.
- బిడ్డ శ్రుతి (పాటకు ఆధారమైన షడ్జమం, అంటే "స" ఉండే ఎత్తు) ఎంతో రాసిన చీటీ. "అయిదున్నర" అని ఒక్క మాట రాసినా చాలు.
- తెలుగు లిపిలో పెద్ద అక్షరాలతో రాసిన సాహిత్యం.
- సెకన్లు చూపించే గడియారం.
- గోరువెచ్చని నీళ్ళ ఫ్లాస్కు, తేలికైన తిండి, పాఠశాల గుర్తింపు కార్డు, అడిగితే చూపించడానికి వయసు ధ్రువపత్రం.
- బిడ్డ అంతకుముందు కనీసం ఒక్కసారైనా తొడుక్కుని కూర్చుని పాడిన దుస్తులు. కొత్త పట్టు పరికిణీ నడుము దగ్గర బిగుతుగా ఉంటే ఊపిరి సగమే అందుతుంది.

1. నియమాలను పెన్సిలు పట్టుకుని చదవండి.

విభాగం ఏది, ఎన్ని నిమిషాలు, కాగితం చూసి పాడవచ్చా, పక్కవాద్యాలకు అనుమతి ఉందా, సినిమా పాటలు పనికివస్తాయా, వయసును ఏ తేదీ నాటికి లెక్కిస్తారు అనే ఆరు విషయాలకు గీత గీయండి. ఒక పోటీ నియమాలను మరో పోటీకి ఊహించుకోవద్దు. కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన కళా ఉత్సవ్ అనే కళల పోటీ 9 నుంచి 12 తరగతుల వారి కోసం నడుస్తుంది. మీ పాఠశాల వార్షికోత్సవ పోటీకి ఒకటో తరగతి పిల్లలు కూడా రావచ్చు. రెండింటి కొలతలూ వేరు. పత్రంలో స్పష్టత లేని చోట నిర్వాహకులను వారం ముందే అడగండి. పోటీ రోజు ఉదయం అడిగితే బల్ల దగ్గర ఉన్నవారు తమకు తోచింది చెబుతారు.

2. పాటను గడియారంతో కొలవండి.

పాటను ఎంచుకునే నిర్ణయం గురువుదే. మీరు చేయవలసింది అది ఎంతసేపు పడుతోందో కొలిచి, ఆ లెక్కను గురువుకు చెప్పడం. నాలుగు నిమిషాల పోటీకి నాలుగు నిమిషాల పాట తీసుకువెళ్ళడం పెద్ద పొరపాటు. పేరు చెప్పడానికి, శ్రుతి అందుకోవడానికి, ఊపిరి తీసుకోవడానికి కొంత సమయం పోతుంది కనుక, ఇంట్లో మూడు నిమిషాల ఇరవై సెకన్లకు పూర్తయ్యేలా చూసుకోండి.

పాట పొడుగైతే ఎక్కడ తగ్గించాలన్నది మళ్ళీ గురువునే అడగండి. అయితే ఒక విషయం మాత్రం గుర్తుంచుకోండి: సంగతులను (ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తీరులను) తగ్గించవచ్చు గానీ చరణాన్ని సగంలో తెంచకూడదు. అన్నమాచార్య కీర్తనల్లో సాధారణంగా మూడు చరణాలు ఉంటాయి. ఒక్కటే పాడే సమయం ఉంటే వేంకటేశ ముద్ర (రచన ఎవరిదో తెలిపే గుర్తు పేరు) ఉన్న చివరి చరణాన్ని ఉంచడం బాగుంటుంది. త్యాగరాజ కృతిలో ఆయన పేరు చరణంలోనే వస్తుంది కాబట్టి, పల్లవి, అనుపల్లవి పాడి ఆపేస్తే వాగ్గేయకారుడి ముద్ర లేకుండానే పాట ముగుస్తుంది. పెద్దవాళ్ళు కచేరీలో పాడిన పంచరత్న కృతి విని ముచ్చటపడి, అయిదు నిమిషాల పోటీకి దాన్ని ఎంచుకునేవారు ఉన్నారు. చరణం వెంట చరణం స్వరసాహిత్యాలతో (స్వరాలూ, వాటికి అమరిన మాటలతో) సాగే అంత పెద్ద రచనను ముక్కలు చేసి పాడించడం రచనకూ, బిడ్డకూ న్యాయం కాదు.

లలిత సంగీతంలో ట్రాకు (ముందే రికార్డు చేసిన వాద్య సంగీతం) మీద పాడేట్లయితే, దానిలోని తొలి వాద్య భాగం కూడా సమయంలోకే వస్తుందో రాదో కనుక్కోండి. ట్రాకును పెన్‌డ్రైవులోనూ ఫోనులోనూ రెండు చోట్లా ఉంచుకోండి.

3. సాహిత్యాన్ని తెలుగు లిపిలో రాసి, మాటలు విడదీయండి.

తల్లిదండ్రులు సొంతంగా చేయగలిగినది, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది ఈ మెట్టు. ఆంగ్ల మాధ్యమంలో చదివే మన పిల్లలు చాలామంది సాహిత్యాన్ని ఆంగ్ల అక్షరాలతో రాసుకుంటారు. ఆ రాతలో "ళ"కు, "ల"కు తేడా ఉండదు. "ణ", "న" ఒకటైపోతాయి. "శ", "ష", "స" కలిసిపోతాయి. దీర్ఘం ఎక్కడుందో తెలియదు. తెలుగు తెలిసిన న్యాయనిర్ణేత చెవికి మొదట తగిలేది అదే. విదేశాల్లో పెరుగుతున్న తెలుగు పిల్లల విషయంలో ఇది మరీ ఎక్కువ, పైగా ఇంట్లో తెలుగు మాట్లాడేవారు ఉండి కూడా సరిదిద్దకపోవడం చూస్తే బాధ కలుగుతుంది.

ఇలా చేయండి. సాహిత్యాన్ని తెలుగులో రాసి, సంధులు విడిచి, మాటకూ మాటకూ మధ్య నిలువు గీత పెట్టండి. ప్రతి మాటకూ అర్థం చెప్పి, రాగం లేకుండా పద్యం చదివినట్టు మూడుసార్లు చదివించండి. ఆ తరువాత గురువు దగ్గర ఊపిరి తీసుకునే చోట్లు గుర్తు పెట్టించండి. మాట మధ్యలో ఊపిరి తీసుకుంటే అర్థం విరిగిపోతుందని పిల్లలకు అర్థం తెలిశాకే బోధపడుతుంది. పిల్లలకు చదవడం రాకపోతే, మీరే నెమ్మదిగా పలికి ఫోనులో రికార్డు చేసి ఇవ్వండి. మీ ఉచ్చారణ మీద మీకే సందేహం ఉంటే అమ్మమ్మనో, తాతయ్యనో, పాఠశాలలోని తెలుగు ఉపాధ్యాయులనో అడగండి.

4. శ్రుతిని నిర్ణయించి, ఇక మార్చకండి.

పాటలోని అతి కింది స్వరాన్నీ, అతి పై స్వరాన్నీ బిడ్డ మూడుసార్లు వరుసగా పాడాలి. కింద గాలి మాత్రమే వినిపిస్తే శ్రుతి తక్కువైనట్టు, పైన మెడ నరాలు బిగుసుకుంటే ఎక్కువైనట్టు. గొంతు గట్టిగా వినిపిస్తుందని పోటీ ముందు అర శ్రుతి పెంచమనే తల్లిదండ్రులు ఉన్నారు. పెంచిన ఆ అర శ్రుతి తారస్థాయి (పై స్వరాల) దగ్గర కేకగా మారుతుంది.

పన్నెండు, పద్నాలుగేళ్ళ మధ్య ఉన్న మగపిల్లల గొంతు మారే సమయంలో నిరుడు ఉన్న శ్రుతి ఈ ఏడాది నిలవదు. వాళ్ళకు నెలకోసారి సరిచూడండి, పోటీకి వారం ముందు మరోసారి. గొంతు పూర్తిగా చెదిరి ఉంటే ఆ ఏడాది పోటీ మానుకోవడంలో నష్టం ఏమీ లేదు.

ఫోనుతో శ్రుతి వినిపించేట్లయితే ఫ్లైట్ మోడ్ తప్పనిసరిగా పెట్టండి. చరణం మధ్యలో ఎవరిదో ఫోను వచ్చి శ్రుతి ఆగిపోతే పెద్ద గాయకులకే కష్టం. స్పీకరును ముందు రాత్రే చార్జింగ్ పెట్టండి.

5. ఇంట్లో పది రోజుల పాటు హాలును తయారు చేయండి.

బిడ్డ పోటీలో కూర్చుని పాడాలా, నిలబడి పాడాలా తెలుసుకుని, ఇంట్లోనూ అలాగే పాడించండి. కూర్చుని తొడ మీద తాళం వేయడం అలవాటైన పిల్లలకు నిలబెట్టగానే చేయి ఎక్కడ పెట్టాలో తెలియక లయ చెదురుతుంది. నిలబడి పాడేట్లయితే ఎడమ అరచేతి మీద కుడి చేత్తో చప్పుడు లేకుండా తాళం వేయడం ముందే అలవాటు చేయాలి. మైకు నోటికి సుమారు బెత్తెడు దూరంలో ఉండాలి, తారస్థాయిలో తల కొద్దిగా వెనక్కి జరగాలి. మైకు లేకపోతే ఆ ఎత్తులో గరిటె కట్టి సాధన చేయించినా సరిపోతుంది.

రోజుకు ఒక్కసారి పాటను మొదటినుంచి చివరిదాకా ఆగకుండా పాడించండి. తప్పు వచ్చినా ఆపకండి, సరిదిద్దకండి, ముఖం మార్చకండి. తప్పిన చోట ఆగి మళ్ళీ మొదలుపెట్టే అలవాటు సాధనలో మంచిదే గానీ, పోటీకి ముందు పది రోజుల్లో అదే ప్రమాదం. ఇంట్లో ఆగిన చోటే పిల్లలు వేదిక మీద కూడా ఆగుతారు. కుక్కరు కూత వేస్తున్నప్పుడు, తలుపు చప్పుడైనప్పుడు కూడా పాట సాగనివ్వండి. పక్కింటివారినో, బంధువులనో పిలిచి వాళ్ళ ముందు రెండుసార్లు పాడించండి.

ఇక మరిచిపోయినప్పుడు ఏం చేయాలన్నది విడిగా సాధన చేయించవలసిన విషయం. "సాహిత్యం గుర్తు రాకపోతే తాళం ఆపకు, అకారంతో ('ఆ' అంటూ) ఆ ఆవర్తం (తాళం ఒక చుట్టు) ముగించు, పల్లవి ఎత్తుకో" అని చెప్పండి. చెప్పి వదిలేయకండి. పాట మధ్యలో మీరు ఎక్కడో ఒక చోట చప్పట్లు కొట్టాలి, బిడ్డ వెంటనే పల్లవికి రావాలి. ఇలా నాలుగు రోజులు చేస్తే మరిచిపోతామన్న భయం సగం పోతుంది. దారి తెలిసినవారికి చీకటి భయం తక్కువ కదా.

గురువు విదేశంలోనో, వేరే ఊరిలోనో ఉండి వీడియోలో పాఠం చెబుతుంటే ఒక చిక్కు ఉంటుంది. ధ్వని ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరూ కలిసి తాళం వేయలేరు. తాళం బిడ్డే వేయాలి, గురువు వినాలి.

హెచ్చరిక: ముందురోజు రెండుసార్లకు మించి పాడించవద్దు. "ఇంకొక్కసారి" అంటూ రాత్రి పదింటిదాకా పాడించిన గొంతు మరునాడు ఉదయం బరువుగా లేస్తుంది.

6. పోటీ రోజు ఉదయం.

పాడవలసిన సమయానికి రెండు గంటల ముందు అలవాటైన తేలికపాటి తిండి పెట్టండి. పెరుగు, చల్లనీళ్ళ విషయంలో ఒక్కో ఇంట్లో ఒక్కో నమ్మకం ఉంది. ఏది పెట్టినా ఆ రోజు కొత్తగా మొదలుపెట్టకపోవడం ముఖ్యం. మాయామాళవగౌళలో సరళీ వరుసలు (తొలి స్వర పాఠాలు) మొదటి కాలంలో, అంటే మెల్లని వేగంలో, తరువాత కాసేపు అకారం, మొత్తం పదిహేను నిమిషాలు చాలు. పోటీ పాటను ఒక్కసారి మెల్లగా, గొంతు పెంచకుండా పాడితే సరిపోతుంది.

ముప్పావుగంట ముందు చేరి, వేదికనూ మైకునూ బిడ్డకు చూపించండి. శ్రుతిపెట్టె ఎక్కడ పెడతారో మీరే చూడండి, ఎందుకంటే హాలులో శ్రుతి తప్పడానికి నేను చూసినంతలో ముఖ్య కారణం బిడ్డకు శ్రుతి వినబడకపోవడం. పెట్టె బిడ్డ మోకాలి పక్కన లేదా చెవికి దగ్గరగా ఉండాలి గానీ న్యాయనిర్ణేతల వైపు తిరిగి ఉండకూడదు. పేరు పిలవడానికి ముందు నీళ్ళు తాగించి, మరుగుదొడ్డికి పంపండి. "బాగా పాడు", "మొదటి బహుమతి రావాలి" అనే మాటలు అప్పుడు వద్దు. "శ్రుతి విని మొదలుపెట్టు" అన్న ఒక్క మాట చాలు.

7. ఎక్కడ కూర్చోవాలి, ఎలా కూర్చోవాలి.

మీరు ఎక్కడ కూర్చుంటే బాగుంటుందో ముందురోజే బిడ్డను అడగండి. కొందరు పిల్లలకు అమ్మ కనిపిస్తే ధైర్యం, కొందరికి కనిపించకపోతేనే ధైర్యం. వాళ్ళు చెప్పింది నచ్చకపోయినా పాటించండి. కనిపించమంటే నాలుగో వరుసలో ఒక పక్కగా కూర్చోండి. న్యాయనిర్ణేతల వెనకే కూర్చుంటే బిడ్డ చూపు వాళ్ళనూ మిమ్మల్నీ ఒకేసారి వెతుకుతుంది.

కూర్చున్నాక మూడు పనులు చేయకండి.

పెదవులు కదపకండి. మా అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా నేను రెండో వరుసలో కూర్చుని, తనతోపాటు సాహిత్యాన్ని పెదవులతో పలుకుతూ ఉన్నాను. ఆత్రంలో చరణంలో ఒక పాదం ముందుకు వెళ్ళిపోయాను. అది గమనించిన బిడ్డ తాను పాడుతున్న పాదాన్ని సగంలో విడిచి నా పాదం అందుకుంది. ఆవర్తం తప్పింది, ముఖం ఎర్రబడింది, తరువాత పల్లవి ఎత్తుకోవడానికి కూడా గొంతు రాలేదు. ఆ తప్పు పూర్తిగా నాది. ఆ రోజునుంచి పాట మొదలవగానే నేను పెదవులు బిగించి, చేతులు ఒడిలో పెట్టుకుంటున్నాను.

తాళం వేయకండి. వేదిక మీద బిడ్డ చేయి, కింద మీ చేయి ఒకే లయలో ఎంతోసేపు ఉండవు. రెండు తాళాలు కనిపించిన బిడ్డ ఏదో ఒకటి వదులుకోవాలి, ప్రేమకొద్దీ తనదే వదులుకుంటుంది. లయ తెలియని తల్లిదండ్రులు అభిమానంతో తల ఊపుతారు, అదీ అంతే.

ఫోను ముఖానికి అడ్డం పెట్టకండి. బిడ్డ వెతికేది మీ కళ్ళ కోసం, అక్కడ నల్లటి పలక కనిపిస్తే ఏమీ లేనట్టే. రికార్డు చేసుకోవడానికి అనుమతి ఉంటే వెనక కూర్చున్న బంధువుకో, స్నేహితులకో ఆ పని అప్పగించండి. లేదా ఫోనును ఒడిలో పెట్టుకుని ధ్వని మాత్రం రికార్డు చేయండి, తరువాత పనికివచ్చేది అదే.

మరి ఏం చేయాలి? ఏ ముఖంతో వినడం మొదలుపెట్టారో అదే ముఖంతో చివరిదాకా వినండి. తప్పు వచ్చిన చోట కళ్ళు పెద్దవి చేయడం, పక్కవారి చేయి పట్టుకోవడం, ఊపిరి బిగబట్టడం, ఇవన్నీ వేదిక మీదికి కనిపిస్తాయి. కష్టంగా అనిపిస్తే ఇంట్లో సాధన చేసినప్పుడు మీ ముఖాన్ని కూడా ఎవరితోనైనా రికార్డు చేయించి చూసుకోండి. నేను చూసుకున్నాను. ఎంత కలవరం కనిపించిందో చూశాకే మార్చుకోగలిగాను.

బిడ్డ ఆగిపోతే కింద నుంచి మాట అందించకండి, లేచి నిలబడకండి. మీకు ఎంతో పొడుగ్గా అనిపించే ఆ మౌనం నిజానికి ఒకటి రెండు ఆవర్తాల కాలమే. అయిదో మెట్టులో సాధన చేయించినది అప్పుడు పని చేస్తుంది. పని చేయకపోయినా, బిడ్డ దిగి వచ్చేదాకా అదే ముఖంతో కూర్చోండి.

8. మిగిలిన పిల్లల పాటలు కూడా వినండి.

మీ బిడ్డ పాట అవగానే లేచి వెళ్ళిపోవద్దు. ప్రతి పిల్లకూ చప్పట్లు కొట్టండి. "ఆ అమ్మాయి కన్నా నువ్వే బాగా పాడావు" అని చెవిలో చెప్పకండి. న్యాయనిర్ణేతల దగ్గరికి వెళ్ళి మార్కులు అడగకండి. వ్యాఖ్యలు రాసిన పత్రం ఇస్తే తీసుకుని గురువుకు ఇవ్వండి.

9. దిగి వచ్చాక మొదటి మాట.

"అనుపల్లవిలో ఎందుకు తప్పావు?" అన్నది మొదటి మాట కాకూడదు. నీళ్ళు ఇచ్చి, "నీకు ఎలా అనిపించింది?" అని అడిగి, చెప్పింది వినండి. చెప్పకపోతే వదిలేయండి. ఆ రోజు రికార్డు వినిపించకండి.

ఫలితాన్ని ఎలా సరిచూసుకోవాలి

మరునాడో, ఆ మరునాడో, బిడ్డతో కూర్చుని రికార్డును మూడుసార్లు వినండి. ఒక్కోసారి ఒక్క విషయమే పట్టించుకోండి.

మొదటిసారి శ్రుతి. పల్లవి ముగిసిన ప్రతి చోటా రికార్డును ఆపి, శ్రుతిపెట్టెలో అదే శ్రుతి పెట్టి, బిడ్డ నిలిపిన షడ్జమంతో పోల్చండి. మొదట్లో కలిసి, చివరకు పైకి పోతే కంగారు, కిందికి జారితే అలసట అని నా అనుభవం.

రెండోసారి లయ. ఆదితాళమైతే మొదటి నాలుగు ఆవర్తాలకు, అంటే 32 అక్షరాలకు (తాళం లెక్కలకు), ఎన్ని సెకన్లు పట్టిందో రాయండి. చివరి నాలుగింటికీ అలాగే రాయండి. మొదట 24 సెకన్లు, చివర 20 సెకన్లు వస్తే పాట పరుగెత్తిందన్నమాట. వేదిక మీద పిల్లలు నెమ్మదించడం అరుదు, పరుగెత్తడమే ఎక్కువ. ఎత్తుగడ సమం (ఆవర్తం మొదటి దెబ్బ) మీద కాకుండా అర అక్షరం తరువాత ఉన్న పాటల్లో, కంగారులో సమం మీదే ఎత్తుకున్నారేమో కూడా చూడండి.

మూడోసారి ఉచ్చారణ. తెలుగులో రాసిన సాహిత్యం ముందు పెట్టుకుని, మాట విరిగిన చోట, అక్షరం మారిన చోట సున్నా చుట్టండి. ఈ పని బిడ్డ చేతే చేయించండి. తన తప్పు తాను పట్టుకున్న పిల్ల మళ్ళీ ఆ చోట జాగ్రత్త పడుతుంది.

ఆ కాగితం మీదే తేదీ, పాడిన శ్రుతి, పట్టిన సమయం, కూర్చుని పాడిందా నిలబడి పాడిందా, మీరు ఏ వరుసలో కూర్చున్నారు అన్నవి రాసి, తరువాతి పాఠానికి గురువు దగ్గరికి తీసుకువెళ్ళండి.